సిగరెట్ల సంపాదన, ఆసుపత్రులకు దానం: జేమ్స్ బ్యుకానన్ డ్యూక్ గురించి తెలిసినవారు చెప్పగలరా?

కొండపి_కేరీ రాసిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను పన్నెండేళ్లుగా అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, కేరీ పట్టణంలో ఉంటున్నాను. మాది ప్రకాశం జిల్లాలో కొండపి దగ్గరి పల్లెటూరు. మా నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా వర్జీనియా పొగాకు పండించారు. మాకు రెండు బ్యారన్లు, అంటే కోసిన ఆకును వేడితో ఆరబెట్టి పండించే కొట్టాలు, ఉండేవి. నా చదువుకు కట్టిన ఫీజులు, మా అక్కయ్య పెళ్లి ఖర్చు అన్నీ ఆ బ్యారన్లలో పండిన ఆకు మీదనే గడిచాయి. అలా ఆకును పండించే క్యూరింగ్ రోజుల్లో ఆయన రాత్రంతా మంట చూసుకుంటూ బ్యారన్ దగ్గరే పడుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

కిందటి వేసవిలో నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు డర్హమ్‌లోని డ్యూక్ విశ్వవిద్యాలయం చూపించడానికి తీసుకువెళ్లాను. అక్కడి పెద్ద చర్చి ఎదురుగా జేమ్స్ బ్యుకానన్ డ్యూక్ కంచు విగ్రహం ఉంది. ఒక చేతిలో ఊతకర్ర, మరొక చేతిలో చుట్ట. నాన్నగారు ఆ చుట్టను చాలాసేపు చూసి, ఆయన ఎవరని అడిగారు. పొగాకు వ్యాపారంలో అపారంగా సంపాదించి ఈ విశ్వవిద్యాలయానికీ ఆసుపత్రికీ ధనమిచ్చిన మనిషి అని చెప్పాను. అప్పుడు ఆయన వేసిన ప్రశ్న ఒక్కటే: "ఈయన పొగాకు పండించినవాడా, కొన్నవాడా?"

నాకు జవాబు తెలియలేదు. మా ఇంటికి వచ్చే కరెంటు బిల్లు మీద కూడా అదే ఇంటిపేరు ఉంటుంది. మాకు తెలిసిన కుటుంబాలలో చాలామందికి ప్రసవాలు, శస్త్రచికిత్సలు ఆ పేరున్న ఆసుపత్రిలోనే జరిగాయి. ఇన్నేళ్లు ఇక్కడ ఉండి కూడా ఆ పేరు వెనుక ఉన్న మనిషి గురించి తెలుసుకోలేదని సిగ్గుపడ్డాను. ఆయన సంపద ఎలా వచ్చింది, దానం ఏ పద్ధతిలో చేశాడు, రైతుల పట్ల ఎలా నడుచుకున్నాడు, మన ప్రాంతపు పొగాకుతో ఆయనకు ఏమైనా సంబంధం ఉన్నదా అన్నవి తెలిసినవారు వివరంగా చెప్పగలరని అడుగుతున్నాను. నాన్నగారికి చదివి వినిపించాలి కనుక కొంచెం నిడివిగా రాసినా ఇబ్బంది లేదు.

పాతపుటలు సమాధానం:

మీ నాన్నగారి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పాలంటే, తండ్రి పండించాడు, కొడుకు కొన్నాడు. నేను ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. డ్యూక్ కుటుంబం గురించి చదివిన ప్రతిసారీ ఈ తండ్రీకొడుకుల మధ్య ఉన్న దూరమే నన్ను ఆలోచింపజేసింది.

తండ్రి పేరు వాషింగ్టన్ డ్యూక్. డర్హమ్ దగ్గర సొంత వ్యవసాయం ఉన్న రైతు, క్రైస్తవంలోని మెథడిస్టు శాఖకు చెందినవాడు. ఆయన భార్య ఆర్టీలియా 1858లో జబ్బుచేసి కన్నుమూసే నాటికి చిన్నకొడుకు జేమ్స్‌కు రెండేళ్లు కూడా నిండలేదు. ఆ పిల్లవాడు పుట్టింది 1856 డిసెంబరు 23న. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధం చివరి దశలో వాషింగ్టన్‌ను దక్షిణాది సైన్యంలోకి తీసుకున్నారు. బందీ అయి, యుద్ధం ముగిశాక న్యూ బర్న్ అనే ఊరి దగ్గర విడుదలై, సుమారు 135 మైళ్లు కాలినడకన ఇల్లు చేరాడు. అప్పటికి ఆయన జేబులో ఉన్నది 50 సెంట్లు. అదీ చెల్లకుండా పోయిన దక్షిణాది ఐదు డాలర్ల నోటును జ్ఞాపకంగా ఉంచుకుంటానన్న ఒక ఉత్తరాది సైనికుడు ఇచ్చిన నాణెమని ఆ కుటుంబంలో చెప్పుకునేవారు. ఇంటికి వచ్చి చూస్తే సైనికులు దోచుకోగా మిగిలినది కొద్దిపాటి పొగాకు మాత్రమే. తండ్రీ పిల్లలూ ఆ ఆకును కర్రలతో కొట్టి, జల్లెడ పట్టి, చిన్న సంచుల్లో నింపి, బండి మీద ఊరూరా తిరిగి అమ్ముకున్నారు. ఆ సరుకుకు వారు పెట్టిన పేరు 'ప్రో బోనో పబ్లికో'. లాటిన్‌లో దాని అర్థం 'ప్రజల మేలు కోసం'.

ఆ ప్రాంతపు ఆకు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది మీ బ్యారన్ల కథ కూడా. ఆకును పసుపు రంగుకు తెచ్చే పద్ధతి 1839లో నార్త్ కరోలినాలోనే కాస్వెల్ కౌంటీలో స్టీఫెన్ అనే నల్లజాతి బానిస చేతిలో బయటపడిందని చెబుతారు. ఆరబెట్టే కొట్టంలో మంట ఆరిపోతూ ఉంటే, ఆయన కమ్మరి కొలిమిలోని బొగ్గులు తెచ్చి వేశాడు. ఒక్కసారిగా పెరిగిన వేడికి ఆకు నల్లబడకుండా బంగారు రంగుకు మారింది. పొగ ఆకుకు తగలకుండా గొట్టాల ద్వారా వేడిని మాత్రమే పంపే పద్ధతి తరువాత వచ్చింది. మన దగ్గర 'బ్రైట్ గ్రేడ్' అనే మాటలో ఉన్న 'బ్రైట్' ఈ ఆకు పేరే. ఆ ఆకు మీద కోట్లు గడించినవారి పేర్లు భవనాల మీద ఉన్నాయి. స్టీఫెన్‌కు దక్కినది ఏమీ లేదు.

1874లో డ్యూక్ కుటుంబం పొలం వదిలి డర్హమ్ పట్టణానికి మారింది. అక్కడ 'బుల్ డర్హమ్' అనే పైపు పొగాకు అప్పటికే దేశమంతా పేరుపొందింది. దానితో పోటీ పడి గెలవలేమని గ్రహించిన జేమ్స్, 1881లో ఎవరూ పెద్దగా పట్టించుకోని సిగరెట్టు వైపు తిరిగాడు. అప్పట్లో అమెరికన్లు పొగాకును నమిలేవారు, పైపులో వేసుకునేవారు, చుట్టలు కాల్చేవారు. సిగరెట్టు వాటా చాలా తక్కువ. చేతితో చుట్టే నిపుణుడు రోజంతా కూర్చుంటే రెండు మూడు వేలు చుట్టగలిగేవాడు. ఆ పనికోసం న్యూయార్క్ నుంచి వలస కార్మికులను డర్హమ్‌కు రప్పించాడు. ఇంతలో జేమ్స్ బాన్సాక్ అనే యువకుడు పది గంటల్లో 1,20,000 సిగరెట్లు చుట్టగల యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అది తరచూ మొరాయించేది, యంత్రం చుట్టిన సిగరెట్టును జనం ఇష్టపడరన్న భయమూ పెద్ద వ్యాపారులకు ఉండేది. డ్యూక్ 1884లో ఆ యంత్రాలను అద్దెకు తీసుకుని, విలియం ఓబ్రయన్ అనే మెకానిక్ సాయంతో దారికి తెచ్చి, మిగతా తయారీదారులకంటే తనకు తక్కువ రాయల్టీ పడేలా రహస్య ఒప్పందం చేసుకున్నాడు. అంతకుముందు ఏడాది ప్రభుత్వం వెయ్యి సిగరెట్ల మీది పన్నును 1.75 డాలర్ల నుంచి 50 సెంట్లకు తగ్గించగానే, పది సిగరెట్ల పెట్టె ధరను 10 సెంట్ల నుంచి 5 సెంట్లకు దించింది కూడా ఆయనే.

యంత్రం చుట్టినంత సరుకూ అమ్ముడుపోవాలి కదా. పెట్టెలలో బొమ్మల కార్డులు పెట్టాడు, 1889 ఒక్క ఏడాదిలోనే ప్రకటనల మీద 8 లక్షల డాలర్లు ఖర్చు చేశాడు. పోటీదారులు ఆ ఖర్చుకు తట్టుకోలేక 1890లో ఆయనతో కలిసిపోయారు. ఐదు పెద్ద కంపెనీలు ఒక్కటైన ఆ అమెరికన్ టొబాకో కంపెనీకి అధ్యక్షుడయ్యే నాటికి డ్యూక్ వయసు 33 ఏళ్లు.

ఇక్కడి నుంచి కథ రైతు వైపు తిరుగుతుంది. కొనేవారు ఎందరో ఉన్నంతకాలం వేలంలో రైతుకు ఒక బలం ఉంటుంది. అందరూ ఒకే కంపెనీ మనుషులైతే ఆ బలం పోతుంది. కెంటకీ, టెనెసీ సరిహద్దులో నల్లపొగాకు పండించే ప్రాంతంలో ఆకు ధర పెట్టుబడి కూడా రానంతగా పడిపోవడంతో రైతులు 1904లో గత్రీ అనే ఊరిలో సంఘంగా ఏర్పడి, సరుకు అమ్మకుండా నిలిపివేశారు. తరువాత అందులో కొందరు ముసుగులు వేసుకుని రాత్రిపూట గుర్రాల మీద దాడులకు దిగారు. కంపెనీకి కొనిపెట్టే గోదాములను తగలబెట్టారు; సంఘంలో చేరని తోటి రైతుల నారుమళ్లను పాడుచేశారు, కొందరిని కొరడాలతో కొట్టారు. 1907 డిసెంబరులో హాప్‌కిన్స్‌విల్ పట్టణాన్నే కొన్ని గంటలపాటు తమ చేతిలోకి తీసుకున్నారు. పేద రైతు పేద రైతును కొట్టే పరిస్థితిని తెచ్చినది ఆ ఏకఛత్రాధిపత్యమే అన్నది నా అభిప్రాయం. చివరకు 1911 మే 29న అమెరికా సుప్రీంకోర్టు ఈ గుత్త సంస్థ చట్టవిరుద్ధమని తీర్పు చెప్పి, దానిని విడగొట్టమన్నది. ఎలా విడగొట్టాలో ప్రణాళిక వేయడానికి కూర్చున్నవారిలో డ్యూక్ కూడా ఉన్నాడు; అంత చిక్కుముడిని వేసినవాడు తప్ప మరొకరు విప్పలేని స్థితి అది.

దానాల సంగతి నాకంటే బాగా తెలిసినవారు రాస్తే బాగుంటుంది.

జమాఖర్చులు సమాధానం:

నేను చార్టర్డ్ అకౌంటెంటును. ధార్మిక సంస్థల లెక్కలు చూడటం నా వృత్తి కనుక, డ్యూక్ 1924 డిసెంబరు 11న సంతకం చేసిన ట్రస్టు పత్రాన్ని ఒకసారి శ్రద్ధగా చదివాను. ఆయన దానం గురించి ఏ అభిప్రాయం ఏర్పరచుకోవాలన్నా ఆ పత్రం దగ్గరే మొదలుపెట్టాలని నా నమ్మకం.

మొదట అందరూ పొరబడే విషయం ఒకటి. ట్రస్టులో ఆయన పెట్టిన 4 కోట్ల డాలర్ల ఆస్తిలో ప్రధాన భాగం పొగాకు వాటాలు కావు, కరెంటు కంపెనీ వాటాలు. 1904 ప్రాంతంలో కాలి పుండుకు న్యూయార్క్‌లో గిల్ వైలీ అనే సౌత్ కరోలినా వైద్యుడి దగ్గర చికిత్స పొందుతున్నప్పుడు, కటావ్బా నది మీద విద్యుత్తు ఉత్పత్తి గురించి ఇద్దరికీ మాటలు కలిశాయి. వైలీ తన ఇంజనీరు విలియం లీని పరిచయం చేశాడు. ఒకే నది మీద వరుసగా కేంద్రాలు కట్టి, వాటన్నిటినీ ఒకే తీగల వ్యవస్థతో కలపాలన్నది లీ ఆలోచన. 1905లో ఏర్పడిన ఆ సదరన్ పవర్ కంపెనీయే తరువాత డ్యూక్ పవర్ అయింది. కొండపి గారి ఇంటి బిల్లు మీద ఉన్నది దాని వారసత్వమే. రెండు కరోలినాలలోని నూలు మిల్లులకు ఆ కరెంటే ప్రాణం పోసింది. పొగాకు సొమ్ము నదిలోకి వెళ్లి, నది నుంచి ట్రస్టులోకి వచ్చిందని చెప్పుకోవచ్చు.

పత్రంలోని పంపకం ఇలా ఉంటుంది. ఏటా వచ్చే ఆదాయంలో ముందుగా 20 శాతం తీసి అసలులో కలపాలి, ఆ విధంగా మరో 4 కోట్ల డాలర్లు చేరేవరకు. విశ్వవిద్యాలయ నిర్మాణానికి విడిగా 60 లక్షల డాలర్లు. మిగిలిన ఆదాయాన్ని నూరు పాళ్లుగా వేస్తే అందులో 32 పాళ్లు డ్యూక్ విశ్వవిద్యాలయానికి, 32 పాళ్లు రెండు కరోలినాలలోని ఆసుపత్రులకు, 10 పాళ్లు అనాథ పిల్లల సంరక్షణకు, ఐదేసి పాళ్లు డేవిడ్సన్, ఫర్మన్ కళాశాలలకు, 4 పాళ్లు షార్లట్ నగరంలో నల్లజాతి విద్యార్థులు చదివే జాన్సన్ సి. స్మిత్ విశ్వవిద్యాలయానికి, మిగతా 12 పాళ్లు నార్త్ కరోలినాలోని గ్రామీణ మెథడిస్టు చర్చిలకూ వయసు మళ్లిన బోధకులకూ వెళ్తాయి. గ్రామీణం అంటే ఏమిటో కూడా ఆయన వదిలిపెట్టలేదు: జనాభా 1,500 మించని చోటు.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఆసుపత్రుల నిబంధన. ఒక పేద రోగిని ఉచితంగా ఒక రోజు పడకలో ఉంచుకుని వైద్యం చేస్తే, ఆ ఆసుపత్రికి రోజుకు ఒక డాలరు వరకు ట్రస్టు చెల్లించవచ్చు. ఇది మామూలు దానం కాదు. భవనం కట్టించి పేరు చెక్కించుకునే దానాలు లోకంలో కోకొల్లలు. కట్టిన భవనంలో డబ్బులేని రోగిని రేపు చేర్చుకుంటారా అన్న ప్రశ్నకు వాటిలో జవాబు ఉండదు. ఇక్కడ రోగి పడక మీద ఉంటేనే డాలరు వస్తుంది. ఆ లెక్క చూపాలంటే ఆసుపత్రి తన ఖర్చులు, పడకలు, రోగుల వివరాలు పద్ధతిగా రాయాలి. రాష్ట్ర ఆరోగ్య అధికారిగా పనిచేసిన డాక్టర్ వాట్సన్ ర్యాంకిన్ ఈ విభాగాన్ని నడిపి, అంతవరకు సరైన పద్దులే లేని చిన్న ఊళ్ల ఆసుపత్రులకు ఆ అలవాటు నేర్పాడు. ఆసుపత్రుల విషయంలోనూ అనాథల విషయంలోనూ తెల్లవారికి, నల్లవారికి కూడా అని పత్రంలోనే స్పష్టంగా రాసి ఉంది. 1924 నాటి దక్షిణాదిలో ఆ మాటను చట్టబద్ధమైన పత్రంలో రాయడం చిన్న విషయం కాదు. అయితే వేరు వేరు వార్డులు, వేరు వేరు ఆసుపత్రులు అనే నాటి ఏర్పాటును ఆయన ప్రశ్నించలేదన్నది కూడా నిజం.

పత్రంలో నాకు మింగుడుపడని భాగమూ ఉంది. కరెంటు కంపెనీ వాటాలను అత్యంత అసాధారణమైన అవసరం వస్తే తప్ప అమ్మవద్దని ఆయన ట్రస్టీలకు నిర్దేశించాడు. నీటి శక్తి నుంచి వచ్చే ఆదాయం ఆ నీరు పారే రాష్ట్రాల ప్రజలకే చెందాలన్నది ఆయన చూపిన కారణం, అందులో సబబు ఉంది. కానీ విమర్శకులు అప్పుడే ఎత్తిచూపిన విషయం వేరు: కరెంటు చార్జీలు తగ్గించమని ఎవరైనా అడిగితే, అది ఆసుపత్రుల, అనాథల ఆదాయానికి కోత పెట్టమని అడిగినట్టే అవుతుంది. దానం కంపెనీకి ఒక కవచంగా కూడా పనిచేస్తుంది. ఆ ఉద్దేశంతోనే ఆయన పెట్టాడని నేను అనను. ఫలితం మాత్రం అదే.

ఆయన 1925 అక్టోబరు 10న, పత్రం రాసిన పది నెలలకు మరణించాడు. వీలునామా ద్వారా చేరినదానితో ట్రస్టు ఆస్తి రెట్టింపుకు మించింది. వైద్య కళాశాల, ఆసుపత్రి, నర్సుల వసతిగృహం కోసం అందులో 40 లక్షల డాలర్లు కేటాయించాడు. ఆ ఆసుపత్రి 1930 జులైలో తెరుచుకుంది.

రాతిగోడలు సమాధానం:

పై ఇద్దరూ రాసినదానికి విశ్వవిద్యాలయం గురించి కొంత చేరుస్తాను. నేను అక్కడ రెండేళ్లు చదువుకున్నాను.

డ్యూక్ తన ధనాన్ని ముందు ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయానికి ఇవ్వజూపి, పేరు మార్చడానికి వారు ఒప్పుకోకపోతే ఇక్కడికి వచ్చాడని కొత్త విద్యార్థులకు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అది కట్టుకథ. డర్హమ్‌లోని ట్రినిటీ కళాశాలతో ఆ కుటుంబం అనుబంధం అంతకు మూడు దశాబ్దాల నాటిది. ఆ కళాశాల 1892లో డర్హమ్‌కు తరలిరావడానికి తండ్రి వాషింగ్టన్ డబ్బిచ్చాడు. 1896లో మరో లక్ష డాలర్లు ఇస్తూ, మగపిల్లలతో సమానంగా ఆడపిల్లలను చేర్చుకోవాలని షరతు పెట్టాడు. అక్షరం పెద్దగా నేర్వని ఒక రైతు పెట్టిన ఆ షరతు నాకు కొడుకు ఇచ్చిన కోట్లకంటే పెద్దదిగా కనిపిస్తుంది. జేమ్స్ అన్న బెంజమిన్ దశాబ్దాలపాటు చడీచప్పుడు లేకుండా కళాశాలకు, చర్చిలకు, నల్లజాతి విద్యాసంస్థలకు ఇస్తూ వచ్చాడు. డర్హమ్‌లో నల్లజాతివారికోసం 1901లో లింకన్ ఆసుపత్రి వెలసినది కూడా డాక్టర్ ఆరన్ మూర్ పూనికకు ఈ కుటుంబం ధనం తోడైనందువల్లనే. జేమ్స్ దానాన్ని ఈ ఇద్దరి నుంచి విడదీసి చూస్తే అది ఆకాశం నుంచి ఊడిపడినట్టు అనిపిస్తుంది. పేరు మార్పు సూచన కూడా కళాశాల అధ్యక్షుడు విలియం ఫ్యూ నుంచి వచ్చింది. అది తండ్రి జ్ఞాపకార్థం పెట్టిన పేరు.

మరొక మనిషిని తలచుకోకుండా ఆ ప్రాంగణం గురించి మాట్లాడలేను. ఆ రాతి భవనాల, 210 అడుగుల చర్చి గోపురం రూపకర్త జూలియన్ అబీల్ అనే నల్లజాతి వాస్తుశిల్పి. ఫిలడెల్ఫియాలోని హొరేస్ ట్రంబవర్ సంస్థలో ఆయన ప్రధాన రూపశిల్పి. ఆయన గీసిన తరగతి గదులలోకి నల్లజాతి డిగ్రీ విద్యార్థులను మొదటిసారి చేర్చుకున్నది 1963లో. అబీల్ 1950లోనే చనిపోయాడు. 1986లో ఆయన వంశానికి చెందిన ఒక విద్యార్థిని విద్యార్థుల పత్రికకు లేఖ రాసిన తరువాత గానీ ఆ విషయం చాలామందికి తెలియలేదు. 2016లో ప్రధాన ఆవరణకు ఆయన పేరు పెట్టారు. కొండపి గారు, మీ నాన్నగారు చూసిన విగ్రహం చుట్టూ ఉన్నది ఆ ఆవరణే.

ఊపిరి సమాధానం:

నేను హైదరాబాదులో ఊపిరితిత్తుల వైద్యుడిని. ప్రతిరోజూ నా ఎదుట కూర్చునే రోగులను తలచుకుంటే, ఈ చర్చలో సిగరెట్టును కేవలం ఒక సరుకుగా చూసి ముందుకు సాగడం నాకు సాధ్యం కావడం లేదు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకుంటాను. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని గట్టిగా నిరూపించిన పరిశోధనలు 1950లో వచ్చాయి. అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్య అధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక 1964లో వచ్చింది. 1925లో చనిపోయిన మనిషికి ఆ జ్ఞానం లేదు. కానీ అనుమానమే లేదని కూడా అనలేము. 1890లలోనే నార్త్ డకోటా, అయోవా, టెనెసీ వంటి రాష్ట్రాలు సిగరెట్ల అమ్మకాన్ని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. బొమ్మల కార్డులకోసం మగపిల్లలు సిగరెట్లకు అలవాటుపడుతున్నారని తల్లులు, ఉపాధ్యాయులు మొత్తుకున్నారు.

చుట్ట, నమిలే పొగాకు కూడా ప్రాణాంతకమైనవే. అయినా పొగను ఊపిరితిత్తుల లోతుల్లోకి, రోజుకు ఇరవైసార్లు, అంత చౌకగా పీల్చడం అన్నది యంత్రం వచ్చాకనే కోట్లమందికి అలవాటయింది. చేతితో చుట్టే రోజులే కొనసాగి ఉంటే నేను చూసే జబ్బు ఈ స్థాయికి వచ్చేది కాదు. ఆయన పెట్టించిన ఆసుపత్రి పడకల విలువను నేను తక్కువ చేయను. పేద రోగికి రోజుకొక డాలరు అన్న నిబంధన మన దగ్గర ఏ దాతా ఆలోచించలేదేమో అని బాధ కూడా కలిగింది. కానీ ఆ రెండు లెక్కలనూ ఒకే పద్దులో వేసి, ఒకదాని నుంచి మరొకదానిని తీసివేయడానికి నా మనసు ఒప్పడం లేదు. బాగుపడిన రోగి వేరు, జబ్బుపడిన రోగి వేరు.

బ్రాడీపేట_పాఠకుడు సమాధానం:

మన ప్రాంతంతో సంబంధం ఉన్నదా అని అడిగారు కనుక ఆ భాగం నేను రాస్తాను. మా తాతగారు చీరాలలో పొగాకు కంపెనీలో గ్రేడింగ్ మేస్త్రీగా పనిచేశారు.

డ్యూక్ 1901లో ఇంగ్లండు మార్కెట్లోకి చొరబడి అక్కడి ఆగ్డెన్ కంపెనీని కొన్నాడు. భయపడిన బ్రిటిష్ తయారీదారులు ఇంపీరియల్ టొబాకో పేరుతో ఒక్కటయ్యారు. ఏడాది పోరు తరువాత ఇరువైపులా సంధి కుదిరింది: అమెరికా డ్యూక్‌ది, బ్రిటన్ ఇంపీరియల్‌ది, మిగతా ప్రపంచం 1902లో ఇద్దరూ కలిసి పెట్టిన బ్రిటిష్ అమెరికన్ టొబాకో కంపెనీది. మిగతా ప్రపంచంలో మనమూ ఉన్నాము. ఆ కంపెనీకి మొదటి చైర్మన్ డ్యూక్. 1911 తీర్పు తరువాత కూడా, 1923 వరకు ఆయనే.

ఆ కంపెనీ పరిధిలోనే 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా పుట్టింది. నేటి ఐటీసీ అదే. 1912లో ఆకు కొనుగోలుకోసం ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ గుంటూరు ప్రాంతంలో పని మొదలుపెట్టింది. మన పెద్దలు 'ఐఎల్‌టీడీ' అని పిలిచినది దానినే. 1920ల నుంచి మన నల్లరేగడిలో వర్జీనియా ఆకు వేయించి, బ్యారన్లు కట్టించి, గొట్టాల వేడితో పండించడం నేర్పినది ఆ వ్యవస్థే. అంటే ఐఎల్‌టీడీ గుంటూరులో కాలుమోపిన రోజున, లండన్‌లో దాని మాతృ కంపెనీ అధిపతి స్థానంలో ఉన్నవాడు మీ నాన్నగారు చూసిన ఆ విగ్రహపు మనిషి. కాస్వెల్ కౌంటీలో స్టీఫెన్ వేసిన బొగ్గుల వేడి చీరాల మీదుగా కొండపి చేరిన దారి ఇది.

ఇక్కడ ఒక విషయం నన్ను కలచివేస్తుంది. డ్యూక్ దానం సరిహద్దులు చాలా స్పష్టంగా గీశాడు: రెండు కరోలినాలు, అంతే. కెంటకీలో నారుమళ్లు పాడైన రైతు ఆ గీతకు అవతల ఉన్నాడు. చైనాలో, గుంటూరులో ఆకు పండించినవాడు మరీ అవతల ఉన్నాడు. నీరు పారిన రాష్ట్రాలకు నీటి ఆదాయం చెందాలన్న సూత్రాన్ని ఆయన నదికి వర్తింపజేశాడు, ఆకుకు వర్తింపజేయలేదు. సొంత ఊరికి మేలు చేయడం తప్పని ఎవరూ అనరు, మన దాతలూ పుట్టిన ఊరికే బడి కట్టిస్తారు. కానీ 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చి, ఆ తరువాతి దశాబ్దంలో వేలం కేంద్రాలు మొదలయ్యేవరకు, కొనేవాడు చెప్పినదే ధరగా బతికిన మన రైతు కుటుంబాలకు ఈ లెక్క గుర్తుండాలి. వేలం వచ్చాక కూడా కొనుగోలుదారులు తక్కువైన ఏడాది ధర ఎలా ఉంటుందో కొండపి గారికి నేను చెప్పనక్కరలేదు.

కొండపి_కేరీ మళ్లీ రాసినది:

ఇంత శ్రమ తీసుకుని రాసిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఫోనులో నాన్నగారికి మొదటి నుంచి చివరి వరకు చదివి వినిపించాను. గంటకు పైగా పట్టింది.

135 మైళ్ల నడక దగ్గర ఆయన ఆపమన్నారు, ఆ భాగం రెండుసార్లు చదివించుకున్నారు. రోజుకొక డాలరు పడక సంగతి విని, ఇచ్చినవాడికి లెక్క తెలుసు అన్నారు. కెంటకీ రైతులు తోటివారి నారుమళ్లు పాడుచేసిన సంగతి చెప్పినప్పుడు మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒక ఏడాది మా ఊరి రైతులంతా ధర వచ్చేవరకు బేళ్లు వేలానికి తీసుకుపోకూడదని మాట అనుకున్నారట. కూతురి పెళ్లి పెట్టుకున్న ఒకాయన మాట తప్పి తీసుకువెళ్తే, ఏళ్ల తరబడి ఆయనతో ఎవరూ మాట్లాడలేదట. ఆ మాట్లాడనివారిలో తానూ ఒకడినని నాన్నగారు నాకు మొదటిసారి చెప్పారు.

బ్రాడీపేట గారు రాసిన లండన్ సంగతి విన్నాక, తన మొదటి ప్రశ్నకు జవాబు దొరికిందని అన్నారు. ఊపిరితిత్తుల డాక్టరు గారు రాసినదానికి ఆయన జవాబు ఇవ్వలేదు. మా బాబాయి ఆ జబ్బుతోనే పోయారు.

డర్హమ్ ఊరి అంచున వాషింగ్టన్ డ్యూక్ పాత ఇల్లు, ఆకు కొట్టిన చిన్న కర్మాగారం, ఆకు ఆరబెట్టిన బ్యారన్ ప్రభుత్వ సంరక్షణలో ఉన్నాయని తెలిసి, వచ్చే శనివారం అక్కడికి వెళ్తున్నాను. బ్యారన్ లోపలికి వెళ్లనిస్తే, ఆకు కట్టి వేలాడదీసే కర్రలు వరుసకు ఎన్ని పడతాయో లెక్కపెట్టి, గొట్టాలు ఏ వైపు నుంచి వచ్చాయో ఫోటో తీసి పంపమని నాన్నగారు చెప్పారు.